మైకు వెనక మనుషులు (7వ భాగం): ఆదివారాల ఉద్యోగి

కిందటి భాగంలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్ నుంచి బెంగాలీలో క్రికెట్ చెప్పిన అజయ్ బసు, కమల్ భట్టాచార్య, పుష్పేన్ సర్కార్‌ల గురించి చెప్పుకున్నాం. ఆ ముగ్గురి గొంతులూ ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు కొత్తవి కావు. మథురాకాఠీ క్వార్టర్లలో, నీంపురాలో, గోల్‌బజార్ కొట్లలో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని విన్నవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇంట్లో శ్రీకాకుళం మాట, బజార్లో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ, ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు. ఆట ఏ భాషలో వస్తే ఆ భాషలో వినేయడం రైల్వే కాలనీలో పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈసారి చెప్పుకోబోయే మనిషికి ఈ ఊరితో చుట్టరికం లేదు. ఆయన ఇంగ్లండువాడు. పేరు మరీ వాకర్. మోటారు రేసులకు టీవీలో వ్యాఖ్యానం చెప్పినవాళ్ళలో ఆయనంత పేరు తెచ్చుకున్నవాడు మరొకడు లేడు. 1949లో మొదటిసారి బీబీసీ మైకు పట్టుకున్నాడు, 2001లో దించాడు. మధ్యలో 52 ఏళ్ళు. మరి ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో కూర్చుని ఆయన గురించి రాయడమెందుకంటారా? ఇది డ్యూటీల ఊరు. ఉద్యోగం రైల్వేలో, ప్రాణం మరోచోట పెట్టుకున్న మనుషులు ఇక్కడ వీధికొకరు దొరుకుతారు. షిఫ్టు దిగి ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు, సెలవు పెట్టి నాటకం వేసేవాళ్ళు, నైట్ డ్యూటీ చేసొచ్చి మాతా పూజలో డప్పు కొట్టేవాళ్ళు. వాకర్ కూడా ఆ బాపతే. 59 ఏళ్ళు వచ్చేదాకా ఆయన అసలు ఉద్యోగం వేరు. ప్రపంచమంతా విన్న ఆ గొంతు చాలాకాలం శని, ఆదివారాల్లో మాత్రమే పనిచేసింది.

తండ్రి బండి

గ్రేమ్ మరీ వాకర్ 1923 అక్టోబర్ 10న బర్మింగ్‌హామ్‌లోని హాల్ గ్రీన్‌లో పుట్టాడు. తండ్రి గ్రాహమ్ వాకర్ మోటార్‌సైకిల్ రేసుల్లో పెద్ద పేరున్నవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మోటార్‌సైకిల్ మీద ఉత్తర్వులు మోసిన సైనికుడు. తరువాత నార్టన్, సన్‌బీమ్, రడ్జ్ కంపెనీల తరఫున పోటీల్లో దిగాడు. 1928లో అల్‌స్టర్ గ్రాండ్ ప్రిలో గంటకు 80 మైళ్ళకు పైగా సగటు వేగంతో గెలిచాడు. మామూలు రోడ్డు మీద జరిగిన రేసులో ఆ సగటు అందుకున్న మొదటి మనిషి ఆయనే. 1931లో ఐల్ ఆఫ్ మాన్ టీటీలో లైట్‌వెయిట్ తరగతి గెలిచాడు. పోటీలు మానేశాక పత్రికకు సంపాదకుడయ్యాడు, బీబీసీ రేడియోలో రేసుల గురించి చెప్పేవాడు.

ఇంట్లో వంటగది దాకా పెట్రోలు వాసన ఉన్న పిల్లవాడు ఏమవుతాడో ఊహించడం కష్టం కాదు. మరీ కూడా బండెక్కాడు, కొన్ని పోటీల్లో దిగాడు. తండ్రంత మొనగాడు కాదని తొందరగానే తెలుసుకున్నాడు. అది తెలుసుకోవడం కూడా ఒక తెలివే. మన ఊళ్ళో సంతోష్ ట్రోఫీ ఆడినవాళ్ళ కొడుకులు కొందరికి ఆ తెలివి యాభై ఏళ్ళొచ్చినా రాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో వాకర్ శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది రాయల్ స్కాట్స్ గ్రేస్ దళంలో చేరాడు. షెర్మన్ ట్యాంకుకు కమాండరయ్యాడు. జర్మనీ సరిహద్దులో రైఖ్స్‌వాల్డ్ అడవి యుద్ధంలో పాల్గొన్నాడు. కెప్టెన్ హోదాతో సైన్యం నుంచి బయటికొచ్చాడు.

విమానాలు వెళ్ళిపోయిన నేల

ఇక్కడొకసారి మన ఊరి వైపు తిరగాలి. 1944లో వాకర్ యూరప్ వైపు వెళ్తున్న రోజుల్లోనే ఖరగ్‌పూర్ చుట్టూ అమెరికా బి-29 బాంబర్ల రొద మొదలైంది. అంతకుముందు హిజ్లీ నిర్బంధ శిబిరంగా ఉన్న భవనంలో అమెరికా 20వ బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం పెట్టారు. 1931 సెప్టెంబర్ 16న శిబిరంలోని ఖైదీలు సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను పోలీసులు కాల్చి చంపిన చోటు అదే. 1951లో మొదటి ఐఐటీ తెరుచుకున్నదీ ఆ భవనంలోనే. తాల్‌బగీచా నుంచి ఎంతో దూరం కాదు. చాకులియాలో, పియార్‌డోబాలో, దూధ్‌కుండీలో బాంబర్ల కోసం పొడుగాటి రన్‌వేలు వేశారు. 1944 జూన్‌లో జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద దాడికి వెళ్ళినవి, చైనా మీదుగా, ఇక్కడి విమానాలే.

యుద్ధం అయిపోయింది. విమానాలు వెళ్ళిపోయాయి. కాంక్రీటు మిగిలింది.

ఇంగ్లండులోనూ అదే జరిగింది. బాంబర్ల శిక్షణకు కట్టిన విమానాశ్రయాలు పదుల కొద్దీ ఖాళీ పడ్డాయి. యుద్ధానికి ముందు రేసులు జరిగిన బ్రూక్‌లాండ్స్ ట్రాక్ పాడైపోయింది. అప్పుడు రేసులవాళ్ళ కన్ను ఈ ఖాళీ రన్‌వేల మీద పడింది. వెల్లింగ్టన్ బాంబర్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చిన సిల్వర్‌స్టోన్ అలా 1948లో రేసు ట్రాక్ అయింది. ఈనాటికీ అక్కడ ఒక తిన్నని దారి పేరు హ్యాంగర్ స్ట్రెయిట్. విమానాలు నిలిపిన షెడ్లు దాని పక్కనే ఉండేవి. మన దేశంలోనూ ఆ కథ ఉంది. మద్రాసు దగ్గర షోలవరం యుద్ధకాలపు విమానపు పట్టీయే. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ ఏళ్ళ తరబడి రేసులు నడిపింది. మన వైపు కలాయికుండా విమానాశ్రయం వైమానిక దళానికి ఉండిపోయింది, మిగిలినవాటిలో కొన్ని సాల అడవి పాలయ్యాయి. కాస్త అటూ ఇటూ అయి ఉంటే జంగల్ మహల్‌లో రేసు ట్రాక్ ఉండేదేమో. ఊరికే ఒక ఊహ.

ఒక్క ముక్క

వాకర్ మొట్టమొదట మైకు పట్టింది 1948లో, షెల్స్‌లీ వాల్ష్ అనే చోట. కొండ వాలు రోడ్డు మీద ఒక్కో కారూ విడిగా ఎక్కే పోటీ అది. వచ్చిన జనానికి లౌడ్‌స్పీకర్లో చెప్పే పని. దాని వల్ల బీబీసీవాళ్ళ దృష్టిలో పడ్డాడు. మరుసటి ఏడు ఈస్టర్‌కి గుడ్‌వుడ్‌లో పరీక్ష పెట్టి, 1949 మే 14న సిల్వర్‌స్టోన్‌లో జరిగే బ్రిటిష్ గ్రాండ్ ప్రికి రేడియోలో చెప్పమన్నారు. హ్యాంగర్ స్ట్రెయిట్ చివర ఉన్న స్టో మలుపు దగ్గర నిలబెట్టారు.

ఆయన కళ్ళముందే జాన్ బోల్‌స్టర్ నడుపుతున్న ఈఆర్‌ఏ కారు అదుపు తప్పి పల్టీలు కొట్టింది. మనిషి కారులోంచి విసిరేసినట్టు బయటపడ్డాడు. బతికున్నాడో లేదో తెలియదు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, చేతిలో మొదటి బీబీసీ మైకు, అవతల దేశమంతా వింటోంది. బోల్‌స్టర్ ఇంటివాళ్ళూ వింటుండవచ్చు. వాకర్ చెప్పింది ఒక్కటే ముక్క: బోల్‌స్టర్ రోడ్డు దిగిపోయాడు. అంతే. నెత్తురు గురించి లేదు, పల్టీల గురించి లేదు.

ఆ రోజు రేసు గెలిచింది మాజరాటీ నడిపిన బారన్ ఎమాన్యుయెల్ ద గ్రాఫెన్‌రీడ్. బోల్‌స్టర్ దెబ్బలతో బయటపడి తరువాత మోటారు పత్రికల్లో రచయితగా పేరు తెచ్చుకున్నాడు. వాకర్‌ని అరుపుల మనిషిగానే లోకం గుర్తుపెట్టుకుంది. ఆయన మొదటి రోజు చేసింది మాత్రం నోరు అదుపులో పెట్టుకోవడం. దీన్ని గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ అవసరం పడుతుంది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా

బీబీసీ ఆయన్ని నెల జీతానికి పెట్టుకోలేదు. రేసుకింత అని ఇచ్చేది. కడుపు నింపింది ప్రకటనల వ్యాపారం. డన్‌లప్ టైర్ల కంపెనీ, ఆస్ప్రో మాత్రల కంపెనీ, మెకాన్ ఎరిక్సన్, చివరికి మాసియస్ ఏజెన్సీ. మాసియస్‌లో డైరెక్టరు స్థాయికి ఎదిగాడు. పెంపుడు చిలకల గింజలకు, పిల్లల చప్పరింపు మిఠాయిలకు నినాదాలు తయారు చేసిన బృందాల్లో ఆయన ఉన్నాడు. మార్స్ చాక్లెట్ నినాదం కూడా ఆయనదేనని ఇంగ్లండులో చాలామంది నమ్మేవారు. నాది కాదు మొర్రో అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు.

వారం పొడుగునా చాక్లెట్లు అమ్మడం, వారం చివర రేసులు చెప్పడం. రెండూ ఒకే నోటితో చేసిన పనులు. తక్కువ మాటల్లో ఎదుటివాడి కళ్ళకి కట్టించడం, చెప్పిందే చెప్తున్నా విసుగు రాకుండా చెప్పడం అనే విద్యలు ఆఫీసులో నేర్చుకుని ట్రాక్ పక్కన వాడుకున్నాడని నా నమ్మకం. ఆయన గురించి రాసినవాళ్ళు ఉద్యోగాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. అది సరికాదు. 1982లో 59వ ఏట ఆ ఉద్యోగం వదిలేదాకా ఆయన వృత్తి ప్రకటనలే.

ఆదివారాలు మొదట తండ్రితో గడిచాయి. 1949 నుంచి 1962లో గ్రాహమ్ చనిపోయేదాకా తండ్రీ కొడుకులు కలిసి ఐల్ ఆఫ్ మాన్ టీటీకి రేడియోలో చెప్పారు. అది చెప్పడానికి చాలా చిక్కు పోటీ. ఒక చుట్టు 60 కిలోమీటర్ల పైనే. కొండలు, ఊళ్ళు, రాతిగోడల మధ్య సందులు. అందరూ ఒకేసారి బయల్దేరరు, కొన్ని సెకన్ల తేడాతో వదులుతారు. అంచేత రోడ్డు మీద ముందు పోతున్నవాడు పోటీలో ముందున్నట్టు కాదు. గడియారం చూసి లెక్క కట్టాలి. వినేవాడికి ఆ లెక్క కనపడకూడదు, పోటీ కనపడాలి. కొడుకు ఆ బడిలో పదమూడేళ్ళు చదివాడు. తండ్రి పోయాక బీబీసీలో మోటార్‌సైకిల్ రేసులకు ప్రధాన వ్యాఖ్యాత అయ్యాడు. 1960లు, 70ల్లో చలికాలపు శనివారాల్లో బురద గుట్టల మీద జరిగే మోటోక్రాస్, రాలీక్రాస్ పోటీలకు టీవీలో చెప్పాడు. వానలో బురద మెత్తిన బళ్ళ నంబర్లు ఎవరికీ కనపడవు. రైడర్ కూర్చున్న తీరు చూసి పేరు చెప్పాలి.

కంట్రోల్ చార్ట్

2005 మార్చి 6, ఆదివారం పొద్దున్న. మెల్‌బోర్న్‌లో నరేన్ కార్తికేయన్ జోర్డన్ కారులో మొదటి ఫార్ములా వన్ రేసుకు దిగిన రోజు. ఆ స్థాయిలో అతనే తొలి భారతీయుడు. మా బంధువుల్లో ఒక పెద్దాయన, కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరైనవాడు, టీ తాగుతూ తెర వైపు చూసి అడిగాడు.

“ఏటిరా ఇది? ఈ బళ్ళు ఏ ఊరెల్తన్నాయి?”

“ఏ ఊరూ వెళ్ళవు మావయ్యా. అక్కడక్కడే తిరుగుతాయి.”

“మరి ఎవుడు ముందో, ఎవుడు ఎనకో ఆ సెప్పీవోడికెలా తెలుస్తాది? అన్నీ కలిసిపోనాయి కదా.”

అసలైన ప్రశ్న అది. టీవీ తెర మీద స్థానాల పట్టీ ఇప్పుడు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. వాకర్ రోజుల్లో చాలాకాలం అది లేదు. కాగితం, పెన్సిల్ తప్ప దిక్కు లేదు. ఒకో చుట్టుకి ఒకో వరుస. ప్రతి చుట్టులోనూ గీత దాటిన కార్ల నంబర్లు దాటిన క్రమంలో గబగబా రాసుకుంటూ పోవాలి. దాన్నే ల్యాప్ చార్ట్ అంటారు. ఒక కారు టైర్లు మార్చుకోవడానికి పిట్‌లోకి వెళ్తే నంబరు కిందికి జారుతుంది. ఒక చుట్టు వెనకబడ్డవాడు నాయకుడి ముందే పోతూ కనిపిస్తాడు, కానీ కాగితం మీద అట్టడుగున ఉంటాడు. కంటికి కనిపించేది ఒకటి, కాగితం చెప్పేది మరొకటి. వ్యాఖ్యాత రెండూ చూసి మూడోది చెప్పాలి.

ఇదంతా చెప్పేసరికి మావయ్య మొహం వెలిగింది. “అయితే మా కంట్రోల్ చార్టే కదరా” అన్నాడు. ఆ మాట నిజం. ఒక పక్క గంటలు, ఇంకో పక్క స్టేషన్లు ఉన్న పెద్ద కాగితం మీద ఒక్కో బండికీ ఒక్కో గీత గీస్తూ, ఎక్కడ ఏది దేన్ని దాటుతుందో, ఎవర్ని లూప్‌లో పెట్టాలో చూసుకోవడమే సెక్షన్ కంట్రోలర్ పని. బండి కళ్ళకి కనపడదు, ఫోనులో స్టేషన్ మాస్టర్ మాట, కాగితం మీద గీత, అంతే. వాకర్‌కీ చాలాసార్లు రేసు కళ్ళకి కనపడేది కాదు. బీబీసీ డబ్బు మిగుల్చుకోవడానికి దూరదేశాల రేసులకు మనిషిని పంపేది కాదు. లండన్ స్టూడియోలో తెర ముందు నిలబడి, అక్కడి కెమెరా ఏది చూపిస్తే దానికి మాట కట్టేవాడు.

ఆ రోజు కార్తికేయన్ 15వ స్థానంలో ముగించాడు. మావయ్య చివరిదాకా చూశాడు.

నిలబడ్డవాడు, కూర్చున్నవాడు

1978లో బీబీసీ ‘గ్రాండ్ ప్రి’ అనే కార్యక్రమం మొదలుపెట్టి ఫార్ములా వన్‌ని సీజన్ పొడుగునా చూపించడం ఆరంభించింది. వాకర్‌కి అప్పుడు 54 దాటాయి. పేరు అసలు అక్కణ్ణుంచి మొదలైంది. మన లెక్కల్లో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ వయసు.

రెండేళ్ళ తరువాత బీబీసీ క్రీడా విభాగంలోని జొనాథన్ మార్టిన్ ఆయన పక్కన జేమ్స్ హంట్‌ని కూర్చోబెట్టాడు. హంట్ 1976 ప్రపంచ చాంపియన్, 1979 మధ్యలో పోటీలు మానేసినవాడు. తాగుడు, తిరుగుడు, ఎవర్నీ లెక్కచెయ్యని తత్వం. 1980 మొనాకో రేసుకి కాలికి పట్టీ కట్టుకుని వచ్చి, కట్టు కట్టిన కాలు వాకర్ ఒళ్ళో పెట్టి, వైన్ తాగుతూ రేసు చెప్పాడు. యుద్ధంలో ట్యాంకు నడిపిన పెద్దమనిషికి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇద్దరికీ కలిపి ఒకే మైకు ఇచ్చారు. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడకుండా ఉండడానికి. వాకర్ నిలబడి, చేతులు ఊపుతూ, గొంతు చించుకుంటూ చెప్పేవాడు. హంట్ కుర్చీలో జారబడి, చెయ్యి చాపి మైకు అడిగి, నిదానంగా ఒక్క వాక్యంతో ఎవడో డ్రైవరు పరువు తీసి మైకు తిరిగి ఇచ్చేసేవాడు. 1989 మొనాకోలో రెనే ఆర్నూ దారి ఇవ్వకుండా పోతుంటే టీవీలో పలకకూడని బూతు మాటే అనేశాడు. అదే ఏడు బెల్జియం రేసుకి అసలు రానే లేదు. కడుపు బాగోలేదని ప్రేక్షకులకు చెప్పి వాకర్ ఒక్కడే లాక్కొచ్చాడు. ఒకసారి హంట్ మైకు లాక్కుంటే వాకర్ కాలరు పట్టుకుని పిడికిలి బిగించినంత పని జరిగింది.

అయినా ఆ జంట పదమూడేళ్ళు నడిచింది. ఎందుకు నడిచిందంటే, ఒకడు చూసినది చెప్పాడు, రెండోవాడు నడిపి తెలుసుకున్నది చెప్పాడు. ఈనాడు ప్రతి ఆటకీ ఒక వ్యాఖ్యాతనీ ఒక పాత ఆటగాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టే పద్ధతికి ఇంతకన్నా మంచి నమూనా నేను వినలేదు. హంట్ 1993 జూన్ 15న గుండెపోటుతో చనిపోయాడు. వయసు 45. కెనడా రేసు చెప్పి అప్పటికి రెండు రోజులే అయింది.

నోరు జారడం, నోరు కట్టుకోవడం

వాకర్ తప్పులు ఇంగ్లండులో జోకుల పుస్తకాలయ్యాయి. ఫలానావాడు ఇక గెలిచినట్టే అంటాడు, మరుక్షణం వాడి ఇంజను పొగ కక్కుతుంది. నేను పొరబడకపోతే అని మొదలుపెట్టి, అవును పొరబడ్డాను అని తనే ముగిస్తాడు. ఆయన ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా ప్యాంటుకి నిప్పంటుకున్నట్టే అరుస్తాడని క్లైవ్ జేమ్స్ అనే విమర్శకుడు రాశాడు. వాకర్ ఆ మాటకి నవ్వుకున్నాడు.

జోకులు సరే. పని గురించి రాసినవాళ్ళు తక్కువ. గురువారం నుంచే పిట్ లేన్‌లో తిరిగి, మెకానిక్కులతో మాట్లాడి, ఏ కారుకి ఏ ఇంజను, ఏ హెల్మెట్‌కి ఏ రంగు, ఎవరు ఎన్నో రేసు అని చేత్తో నోట్సు రాసుకునేవాడు. అంత సిద్ధపడ్డ మనిషే నోరు జారేవాడు, ఎందుకంటే చూపు కన్నా మాట వెనకబడకూడదని పట్టు పట్టేవాడు. 1986 అక్టోబర్ 26, అడిలైడ్. నైజెల్ మాన్సెల్‌కి మూడో స్థానం వస్తే చాలు, ప్రపంచ చాంపియన్. మూడో స్థానంలోనే ఉన్నాడు. గంటకు 290 కిలోమీటర్ల వేగంలో వెనక టైరు పేలిపోయింది. నిప్పురవ్వలు. వాకర్ చెప్తున్న వాక్యం మధ్యలో తెగిపోయింది. అటు చూడండి అని కేక వచ్చింది, తరువాత దేనికీ అతకని విశేషణం ఒకటి దొర్లింది, చివరికి మాన్సెల్ పేరు వచ్చింది. వ్యాకరణం ఏమీ మిగల్లేదు. చూస్తున్న లక్షలమంది పరిస్థితీ అంతే. తీరిగ్గా వాక్యం పూర్తి చేసి ఉంటే ఈ రోజు దాన్ని ఎవరు గుర్తుపెట్టుకునేవారు?

1994 మే 1, ఇమోలా. ముందు రోజే రోలాండ్ రాట్జెన్‌బర్గర్ చనిపోయాడు. ఆదివారం అయిర్టన్ సెనా కారు గోడకి కొట్టుకుంది. 1949లో స్టో మలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడికి ఇప్పుడు 70 ఏళ్ళు. తెలిసింది తక్కువ, భయం ఎక్కువ, మైకు మూయడానికి లేదు. ఊహలు చెప్పలేదు, చావు మాట ఎత్తలేదు. ఎక్కువ మాట్లాడ్డమే వృత్తి అయినవాడు ఎక్కడ తక్కువ మాట్లాడాలో మొదటి రోజు నేర్చుకున్న పాఠాన్ని ఆ రోజు అప్పజెప్పాడు. అరుపుల వాకర్‌ని ఎవరైనా అనుకరిస్తారు. ఈ వాకర్‌ని అనుకరించినవాళ్ళు తక్కువ.

1996 అక్టోబర్ 13న సుజుకాలో డేమన్ హిల్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. తండ్రి గ్రాహమ్ హిల్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్, 1975లో విమాన ప్రమాదంలో పోయాడు. తండ్రి రేసులు చూసిన కళ్ళతోనే వాకర్ కొడుకు గెలుపు చూశాడు. గొంతులో ఏదో అడ్డుపడింది, ఇక ఆపాలి అని చెప్పి ఆగిపోయాడు. నా లెక్కలో అది ఆయన చెప్పిన వాటిలో అన్నిటికన్నా మంచి రేసు. తండ్రి పక్కన నిలబడి ఈ పని నేర్చుకున్నవాడు మరొకరి కొడుకుని చూసి మాట ఆపేశాడు, దానికి ఇంకే వివరణ కావాలి.

రెండు ఎర్ర కార్లు

1997లో ఫార్ములా వన్ ప్రసారం బీబీసీ నుంచి ఐటీవీకి మారింది. 73 ఏళ్ళ వాకర్‌ని ఐటీవీ తీసుకుంది, పక్కన పాత డ్రైవరు మార్టిన్ బ్రండిల్‌ని పెట్టింది. ఐటీవీ ప్రైవేటు చానెల్, రేసు మధ్యలో ప్రకటనలు వేస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా ప్రకటనల మీద బతికినవాడి మాటని ప్రకటనలు మధ్యలో కోసేయడం విధి ఆడిన వేళాకోళం.

2000 జూలై 30, హాకెన్‌హైమ్. రేసు మొదలైన మొదటి మలుపులోనే ఎర్ర ఫెరారీ ఒకటి గుద్దుకుని బయటికి పోయింది. బరికెల్లో అన్నాడు వాకర్. అది అదే జట్టులోని మరో డ్రైవరు మైఖేల్ షూమాకర్. బరికెల్లో 18వ స్థానం నుంచి బయల్దేరి అదే రోజు జీవితంలో మొదటి గెలుపు అందుకున్నాడు. రెండు ఎర్ర కార్లని కలిపేసుకున్న పొరబాటు పత్రికల్లో పెద్దదైంది. అంతకుముందు ముద్దుగా తోచిన తప్పులే ఇప్పుడు ముసలితనం లెక్కలోకి పోయాయి. ఆ డిసెంబర్‌లో వాకర్ తనే ప్రకటించాడు, 2001 చివరి ఏడని. చివరి రేసు 2001 సెప్టెంబర్ 30న ఇండియనాపొలిస్‌లో. అక్కడి ట్రాక్ ఒకప్పుడు ఇటుకలతో పరిచింది. ఆ పాత ఇటుకల్లోంచి ఒకటి తీసి ట్రాక్ యజమాని టోనీ జార్జ్ ఆయన చేతిలో పెట్టాడు. 2021 మార్చి 13న 97వ ఏట చనిపోయాడు.

మన భాష ఎక్కడుంది?

మన దేశంలో ఫార్ములా వన్ చాలాకాలం స్టార్ స్పోర్ట్స్‌లో స్టీవ్ స్లేటర్ ఇంగ్లీషు గొంతుతోనే వచ్చింది. 2011 నుంచి 2013 దాకా ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది. మూడుసార్లూ వెటెల్ అనే డ్రైవరుదే గెలుపు. ఆ తరువాత 2023 ఫిబ్రవరి 11న ప్రపంచ స్థాయి రేసు తెలుగు నేల మీదికే వచ్చింది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల దారిలో ఫార్ములా ఈ కార్లు తిరిగాయి. ఫ్రెంచ్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు జరగాల్సింది రద్దయింది.

క్రికెట్‌కి, కబడ్డీకి తెలుగు వ్యాఖ్యానం ఇప్పుడు పీట వేసుకుని కూర్చుంది. మోటారు రేసుకి ఇంకా కూర్చోలేదు. మాటలు లేక కాదు. బండి గురించి మాట్లాడ్డానికి తెలుగువాడికి మాటలు తక్కువా? లారీ క్లీనర్ దగ్గర నిలబడి వినండి చాలు. పదమూడేళ్ళు చిన్న మైకు దగ్గర నిలబడి నేర్చుకునే చోటు లేక. మన పక్కనే ఐఐటీ కుర్రాళ్ళు టీమ్‌కార్ట్ పేరుతో ఫార్ములా స్టూడెంట్ పోటీలకు సొంతంగా రేసు కారు కడుతున్నారు. ఆ పోటీలు జరిగే చోట్లలో సిల్వర్‌స్టోన్ ఒకటి. కారు కట్టేవాళ్ళు దొరికారు, దాని గురించి తెలుగులో చెప్పేవాడు దొరకాలి.

రైల్వే మైదానంలో, నీంపురా కబడ్డీ పోటీల్లో, మోటార్‌సైకిల్ ర్యాలీల్లో, ఎక్కడైనా సరే, తెలుగులో మైకు పట్టి ఆట చెప్పినవాళ్ళు ఖరగ్‌పూర్‌లో తప్పకుండా ఉండి ఉంటారు. మీరే అయినా, మీ నాన్నగారో తాతగారో అయినా, ఏ ఏడు, ఏ ఆట, ఎలా చెప్పేవారో ఈ పత్రికకు రాయండి. పాత ఫొటో గానీ, క్యాసెట్ గానీ ఉంటే పారెయ్యకుండా దాచండి. వచ్చే భాగం వాళ్ళ గురించే.